దిద్దుకుని రండి

మా సంఘంలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడం, ఉంటుంది. దానికి ముందు రోజు పాస్టరు అయ్యగారు అందరి ఫోన్లకూ ఒక మెసేజ్ పంపిస్తారు. ఎన్నేళ్ళయినా అందులో ఒక్క అక్షరం మారదు. "రేపు ప్రభు బల్ల. ఎవరితోనైనా మనస్పర్థలుంటే సమాధానపడి, తప్పులు దిద్దుకుని రండి. వందనాలు." అది వచ్చిన గంటలోపు ఢిల్లీలో ఉన్న మా వాళ్ళందరి ఫోన్లూ ఎంగేజే. తోడికోడళ్ళు, ఒకే పాట నేను పాడతానంటే నేను పాడతానని క్వయర్‌లో కొట్లాడుకున్నవాళ్ళు, వరసపెట్టి ఫోన్లు చేసుకుని "ఏమీ అనుకోకండేం" అనేసుకుంటారు. ఆదివారం వరసలో నిలబడి బల్ల తీసుకుంటారు. సోమవారం నుంచి మళ్ళీ మామూలే.

ఈ తంతు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మండుతుందని నేనెప్పుడూ దాచుకోలేదు కూడా. మెసేజ్‌లో రెండు పనులు చెబితే అందరూ మొదటిదే చేసి రెండోది వదిలేస్తారు. సమాధానపడటానికి ఒక ఫోన్ కాల్ చాలు కాబట్టి ఆ పని అందరికీ వచ్చు.

ఆ ఫిబ్రవరి శనివారం కూడా మెసేజ్ వచ్చింది. వైశాలిలో మా ఫ్లాట్లో కూర్చుని గట్టిగా చదివాను. పన్నెండో తరగతి చదువుతున్న మా అమ్మాయికి తెలుగు చదవడం రాదు. వింటే అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది.

"మమ్మీ, దిద్దుకుని మత్‌లబ్? సారీ బోల్‌కే?" అంది.

"కాదే తల్లీ! సారీ నోటితో అయిపోతుంది. ఇది చేత్తో చేసే పని. నా చీర మీద టీ ఒలకబోశావనుకో. సారీ మమ్మీ అన్నావు. సరే. ఆ చీర తీసుకెళ్ళి ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టావు చూడు, అదీ దిద్దుకోవడమంటే."

"ఔర్ దాగ్ నహీ గయా తో?"

మరక పోకపోతే? "పోకపోతే ఆ చీర నువ్వు కట్టుకో. నీదేదైనా మంచిది ఉంటే నాకియ్యి," అన్నాను.

"యార్, మమ్మీ!" అని అది చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టేసుకుంది. అప్పుడే బెల్ మోగింది.

తలుపు తీస్తే మా ఆసుపత్రిలో నాతో ఒకే వార్డులో పనిచేసే నర్సమ్మాయి. చేతిలో స్టీలు డబ్బా. మూత తియ్యకముందే తెలిసింది రొయ్యల ఇగురని. మాదీ, వాళ్ళదీ ఇద్దరిదీ గుంటూరు వైపే, ఒకే సంఘం. నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. ఆ మొత్తం వార్డులో తెలుగువాళ్ళం మేమిద్దరమే. నేను ఇరవై రెండేళ్ళుగా పర్మనెంటు. ఆ పిల్ల రెండేళ్ళ కిందట కాంట్రాక్టు మీద చేరింది. ప్రతి జూన్‌లో దాని ఉద్యోగాన్ని ఇంకో ఏడాదికి పొడిగిస్తారు, లేదా పొడిగించరు.

"అక్కా, రేపు బల్ల కదా. సమాధానపడదామని వచ్చాను," అంది గుమ్మంలోనే.

"డబ్బా పట్టుకుని వెనక్కి వెళ్ళిపో," అన్నాను. అవును, అలాగే అన్నాను. నాకు కోపం వస్తే మర్యాద గుర్తుండదు.

ఎందుకంత కోపమో చెప్పాలి. జనవరిలో ఒక రోజు నాది పొద్దుటి డ్యూటీ, దానిది సాయంత్రం డ్యూటీ. మధ్యాహ్నం రెండింటికి నేను వార్డు దానికి అప్పగించాలి. ఆరో నంబరు బెడ్ మీద ఒక మాతాజీ ఉండేది. మర్నాడు ఆవిడకి తుంటి ఆపరేషన్. రక్తం పలచబడటానికి ఇచ్చే ఇంజెక్షన్ సాయంత్రం ఆపేయమని డాక్టరుగారు రౌండ్స్‌లో నోటితో చెప్పి వెళ్ళిపోయారు. నేను ఆ సంగతి ఈ పిల్లకి చెప్పాను. టీ తాగుతూ, శుభ్రంగా తెలుగులో, "ఆరో నంబరు ముసలావిడకి సాయంత్రం సూది ఆపమన్నారే, గుర్తుంచుకో," అని చెప్పాను. "సరే అక్కా," అంది. సాయంత్రం వెళ్ళి హాయిగా ఇంజెక్షన్ ఇచ్చేసింది.

మాతాజీకి ప్రాణం మీదకేమీ రాలేదు, దేవుడి దయ. కానీ ఆపరేషన్ రెండు రోజులు వాయిదా పడింది. పొద్దుటి నుంచి పస్తు పడుకోబెట్టిన ముసలావిడని మళ్ళీ వార్డుకి తెచ్చి పడేశారు. వాళ్ళబ్బాయి వార్డంతా దద్దరిల్లేలా అరిచాడు. సూపరింటెండెంట్ మేడమ్ ఇద్దర్నీ పిలిచి కాగితాలిచ్చి ఏం జరిగిందో రాయమన్నారు. నేను చెప్పానని రాశాను. ఈ పిల్ల ఏం రాసిందో తెలుసా? "నాకు ఎవరూ చెప్పలేదు."

మేడమ్ రిజిస్టర్ తెప్పించారు. "సిస్టర్, బతాయా తో లిఖా కహాఁ హై?" అన్నారు. చెబితే ఎక్కడ రాశావని! డ్యూటీ మారేటప్పుడు ప్రతి రోగి సంగతీ రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టాలని రూలుంది, నిజమే. కానీ ఇద్దరం తెలుగువాళ్ళం, ఒకే ఊరి నీళ్ళు తాగిన మనుషులం, ఎదురెదురుగా నిలబడి చెప్పుకుంటుంటే మళ్ళీ ఇంగ్లీషులో రాసుకోవడమేమిటి? మిగతావాళ్ళతో రాసేదాన్ని. మా ఇద్దరి మధ్యా రాతలు లేవు. ఆ మాట మేడమ్‌కి ఏమని చెప్పను? మూడో రోజు నాకు మెమో వచ్చింది.

మెమో అంటే ఒక కాగితం, అంతే. సంతకం పెట్టి తీసుకోవాలి. కానీ దాని నకలు మన ఫైల్లో మనం రిటైరయ్యేదాకా ఉంటుంది. ఇరవై రెండేళ్ళలో నా ఫైల్లో అలాంటి కాగితం ఒక్కటి లేదు. పైగా జూలైలో వార్డు ఇన్‌ఛార్జి పోస్టు ఖాళీ అవుతోంది, వరసలో ముందున్నది నేను. మెమో ఉన్నవాళ్ళని దానికి పిలవరు. ఇరవై రెండేళ్ళుగా ఆ కుర్చీ కోసమే కదా నేను పండగలకి కూడా సెలవు అడక్కుండా చేసింది! తల కొట్టేసినట్టయింది నాకు.

అందుకని ఆ శనివారం గుమ్మంలో నిలబడ్డ పిల్లతో ఒకటే చెప్పాను. "నాకు ఇగురూ వద్దు, సారీ వద్దు. ఏ కాగితం మీద అబద్ధం రాశావో అలాంటి కాగితం మీదే నిజం రాసి మేడమ్‌కి ఇయ్యి. ఇచ్చిన రోజున నేనే మీ రూముకొచ్చి నీతో కలిసి అన్నం తింటాను."

ఆ పిల్ల ఏడ్చింది. "మీకు మెమో వస్తే అది ఫైల్లో ఉంటుందక్కా. నాకొస్తే నేనే ఉండను," అంది.

"ఆ సంగతి అబద్ధం రాసే ముందు ఆలోచించుకోవాల్సింది."

డబ్బా గుమ్మం పక్కన పెట్టి వెళ్ళిపోయింది. ఇగురు మా అమ్మాయి తింది. నేను ముట్టలేదు.

మర్నాడు చర్చికి వెళ్ళాం. ఆర్.కె. పురం దగ్గర ఒక చర్చిని పొద్దున్న హిందీవాళ్ళు, మధ్యాహ్నం మలయాళీలు వాడుకున్నాక సాయంత్రం నాలుగింటికి మాకిస్తారు. బల్ల దగ్గరికి బెంచీ తర్వాత బెంచీ లేచి వెళ్ళింది. నేను లేవలేదు. ఎవరితోనైనా సమాధానం లేనివాళ్ళు లేవకూడదని మా పద్ధతి. లేవకపోతే ఎవరితో లేదో కనుక్కునే దాకా జనానికి నిద్ర పట్టదు. ఆ పిల్ల కూడా లేవలేదు. ఇంకేం, రెండు వైపులా చూసి లెక్క కట్టేశారు.

మార్చిలో లేవలేదు. ఏప్రిల్‌లో ఈస్టరుకి కూడా లేవలేదు. అప్పటికి సంఘంలో నా పేరు మారిపోయింది. ఇంటికొచ్చి క్షమాపణ అడిగిన పిల్లని గుమ్మంలోంచి తరిమేసిన రాతిగుండె మనిషిని నేను. అబద్ధం రాసిన పిల్ల మాత్రం పాపం చిన్నపిల్ల, కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "పోనీలెద్దురూ, పెద్ద మనసు చేసుకోండి," అంది. నాకెంత మంటగా ఉందంటే, మీ ఇంట్లో ఎవరైనా పెద్ద మనసు చేసుకోవాల్సిన పనుంటే అప్పుడు చెబుతానని అక్కడే అనేశాను.

చివరికి పాస్టరు అయ్యగారే మా ఇంటికొచ్చారు. సోఫాలో కూర్చుని, టీ తాగి, గొంతు సవరించుకుని, "అమ్మా, క్షమించడం మన ధర్మం," అన్నారు.

"అయ్యగారూ, నేను కాదన్నానా? క్షమించడం నా పని, ఒప్పుకుంటాను. దిద్దుకోవడం ఆ పిల్ల పని. నా పని నేను చెయ్యలేదని చెప్పడానికి వైశాలి దాకా వచ్చారు. ఆ పిల్ల పని ఆ పిల్లకి చెప్పడానికి ఎందాకా వెళ్ళారు?"

ఆయన కప్పు కింద పెట్టారు. "ఆ అమ్మాయి ఉద్యోగం పోతుందంటున్నారమ్మా."

"నా పేరు పోయింది కదండీ! మీ మెసేజ్‌లో ఏమని రాస్తారు? దిద్దుకుని రండి అని కదా? ఉద్యోగానికి ఇబ్బంది లేకపోతేనే దిద్దుకుని రండి అని రాయరే?"

పాపం ఆయన ప్రార్థన చేసి వెళ్ళారు. ఆ రాత్రి నాకు చాలా తృప్తిగా అనిపించిందని ఒప్పుకోవాలి. మాటకి మాట అప్పజెప్పానని మా ఆయనకి రెండుసార్లు చెప్పాను.

అయ్యగారు ఆ పిల్ల దగ్గరికి కూడా వెళ్ళారని తర్వాత తెలిసింది. ఏం చెప్పారో నాకు తెలియదు. మే నెలలో ఒక మధ్యాహ్నం డ్యూటీ మారే వేళకి ఆ పిల్ల వచ్చి, వార్డు టేబుల్ దగ్గర నిలబడే ఒక తెల్లకాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టింది. నేను పక్కనే మందుల ట్రాలీ సర్దుతున్నాను. ఆపేసి చూశాను. సిస్టర్ నాకు చెప్పారు, నేను మర్చిపోయాను, జనవరిలో నేను రాసిచ్చింది నిజం కాదు. మూడు ముక్కలు. సంతకం పెట్టి, తనే మేడమ్ గదికి తీసుకెళ్ళి ఇచ్చి వచ్చింది.

"రాశానక్కా," అంది వచ్చి.

"మంచిది," అన్నాను. అంతే అన్నాను. వాళ్ళ రూముకెళ్ళి అన్నం తింటానని చెప్పినదాన్ని, ఈ వారం కాదు పై వారం అనుకుంటూ ఉండిపోయాను. జూన్ మొదటి ఆదివారం ఇద్దరం బల్ల తీసుకున్నాం. అందరూ సంతోషించారు. అయ్యగారు ప్రసంగంలో మా పేర్లు చెప్పకుండా మా సంగతే చెప్పారు.

నా మెమో రద్దయిందని ఒక కాగితం వచ్చింది. జూన్ నెలాఖరుకి కాంట్రాక్టులు పొడిగించిన జాబితా నోటీసు బోర్డు మీద పెట్టారు. అందులో ఆ పిల్ల పేరు లేదు. కారణం ఎవరూ రాయలేదు, ఎవరూ అడగలేదు. లాకర్ ఖాళీ చేసుకుంటుంటే వెళ్ళి ఏదో ఒకటి అందామనుకున్నాను. మొహం చెల్లలేదు. నేనేమీ తప్పు చెయ్యలేదు కదా, నిజం రాయమన్నాను, అంతే కదా అని నాకు నేను చెప్పుకుంటూ డ్రెస్సింగులు చేస్తూ ఉండిపోయాను. జూలైలో నన్ను ఇన్‌ఛార్జిని చేశారు.

ఆగస్టులో ఇన్‌స్పెక్షన్ వస్తుందన్నారు. పాత రిజిస్టర్లన్నీ తీసి, సంతకాలు సరిగా ఉన్నాయో లేదో చూసి, వరసగా పెట్టడం ఇన్‌ఛార్జి పని. అలమారాలోంచి మూడేళ్ళ రిజిస్టర్లు దింపుకుని కూర్చున్నాను. తిరగేస్తుంటే ఆ పిల్ల చేరిన నెల వచ్చింది.

ఆ చేతిరాత చూడండి! ముత్యాల్లాంటి అక్షరాలు. ఒక్కో రోగికి అయిదేసి వరసలు. ఏ మందు, ఎంత, ఏ వేళకి, ఏది ఆపాలి, ఎవరికి కబురు చెప్పాలి. వారం రోజులు అలాగే ఉంది. రెండో వారంలో వరసలు మూడయ్యాయి. నెల తిరిగేసరికి ఒకటి. ఆ తర్వాత నేనూ ఆ పిల్లా డ్యూటీ మార్చుకున్న ప్రతి రోజూ "అంతా చెప్పడమైనది" అని ఒకే ముక్క, కింద రెండు సంతకాలు. జనవరి పేజీలో అదీ లేదు, వట్టి సంతకాలే.

అది ఎలా జరిగిందో నాకు గుర్తుంది. ఆ పిల్ల కొత్తలో నేను చెబుతుంటే తలెత్తకుండా ఆ రిజిస్టర్‌లోనే రాసుకునేది. నేనే పకపకా నవ్వాను. "ఏంటే పిల్లా, నేనేమన్నా కలెక్టరుగారినా, నా మాటలన్నీ రాసుకుంటున్నావ్? మన మధ్య రాతలేంటి? మూసెయ్ ఆ పుస్తకం, టీ తాగుదాం రా," అన్నాను. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు అన్నాను. ఒకసారైతే దాని చేతిలోంచి పెన్ను లాక్కున్నాను కూడా. పరాయి ఊళ్ళో మన భాషలో మాట్లాడుకునే మనిషి దొరికిందన్న సంబరం నాది. కానీ ఆ పిల్లకి రాసే అలవాటు ఉండేది. దాన్ని మాన్పించింది నేను. మాన్పించాక ఒక రోజు అది మర్చిపోయింది. నాలుగు నెలల పాటు పాస్టరుగారిని, సంఘాన్ని, చివరికి మా అమ్మాయిని కూడా కూర్చోబెట్టి పాఠం చెప్పిన నాకు ఈ సంగతి ఒక్కసారి కూడా గుర్తురాలేదు. గుర్తురాలేదో, రానివ్వలేదో!

మర్నాడు నేనూ ఒక తెల్లకాగితం తీసుకున్నాను. చెప్పిన మాట నిజమే, కానీ రాయడం నా బాధ్యత, నేను రాయలేదు, ఆ అమ్మాయి చేత కూడా రాయడం మాన్పించింది నేనే, ఆ రోజు పొరపాటులో పెద్ద భాగం నాది అని రాశాను. మేడమ్ రెండుసార్లు చదివారు.

"అబ్ క్యోం, సిస్టర్?" అన్నారు, ఇప్పుడెందుకని.

ఆ అమ్మాయిని మళ్ళీ తీసుకోమన్నాను. ఆమె స్థానంలో వేరే అమ్మాయి చేరి నెల దాటిందనీ, ఇప్పుడు వీలు పడదనీ చెప్పారు. నాకు మెమో ఇస్తారా అని అడిగాను. ఆవిడ నవ్వారు. "ఆప్ ఇన్‌ఛార్జ్ హైఁ. ఇన్‌స్పెక్షన్ సర్ పే హై. జాయియే, వార్డ్ సంభాలియే," అన్నారు. ఇన్‌స్పెక్షన్ నెత్తి మీదుంది, వెళ్ళి వార్డు చూసుకోమని కాగితం ఫైల్లో పడేశారు. తిట్టినా బాగుండేది. నాకు ఒక్క చెడ్డ మాట పడలేదు!

ఆ పిల్ల గ్రేటర్ నోయిడాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ సిక్‌రూములో చేరిందని చర్చిలో ఎవరో చెప్పారు. ఒక ఆదివారం పొద్దున్నే కాగితం నకలు పట్టుకుని మెట్రో ఎక్కి, దిగి, బస్సెక్కి వెళ్ళాను. రెండు మంచాలు, ఒక మందుల బీరువా ఉన్న చిన్న గది. ఒకమ్మాయి తలనొప్పికి మాత్ర తీసుకుని వెళ్ళిపోతోంది. ఆ పిల్ల నన్ను చూసి లేచి, "రండక్కా, కూర్చోండి," అని కుర్చీ జరిపింది. మంచినీళ్ళిచ్చింది. మా అమ్మాయి బాగుందా అని అడిగింది. నేను కాగితం చేతిలో పెట్టాను. దారంతా నేను ఊహించుకున్నది, అది చదివి ఏడుస్తుందనీ, అక్కా అని నన్ను పట్టుకుంటుందనీ.

నెమ్మదిగా చదివింది. ముఖంలో ఏమీ మారలేదు.

"ఎప్పుడిచ్చారక్కా ఇది?"

"పోయిన నెల."

"నేను రాసిన రోజున మీరు పక్కనే ఉన్నారు," అంది. "అప్పుడు ఇద్దరం రాసుంటే ఎలా ఉండేదో."

మళ్ళీ అడిగింది, "మేడమ్ ఏమన్నారు?"

"నిన్ను తీసుకోవడం కుదరదన్నారు."

"మిమ్మల్ని?"

"నన్నేమీ అనలేదు."

"అయితే వార్డుకి ఇన్‌ఛార్జి ఇప్పటికీ మీరేగా?"

"నేనే," అన్నాను.

ఆ పిల్ల కాగితాన్ని నేను తెచ్చిన మడతల్లోనే జాగ్రత్తగా మడిచి నా చేతిలో పెట్టింది. కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. రోగికి ఇంకో డోసు మిగిలుందని చెప్పినంత మామూలుగా, "అయితే దిద్దుకునేది ఇంకా కొంచెం ఉందక్కా," అంది.

బస్సు స్టాపు దాకా వచ్చి నన్ను ఎక్కించింది. దారి పొడుగునా నాకు కోపం వస్తూనే ఉంది. దాన్ని ఆ పిల్ల మీదకి మళ్ళించుకుందామని ఎంత ప్రయత్నించినా కుదరలేదు. సోమవారం డ్యూటీకి వెళ్ళి ఇన్‌ఛార్జి కుర్చీలోనే కూర్చున్నాను. ఈ రోజుకీ అందులోనే కూర్చుంటున్నాను.